విలియం లెవీ డాసన్: టస్కీగీ కోయిర్, ఒకే ఒక్క సింఫనీ, పాడేవాళ్లకు పనికొచ్చే సంగతులు

నాగావళి

అమెరికన్ నల్లజాతి స్వరకర్త డాసన్ పేరు ఎత్తగానే కోయిర్లలో, అంటే బృందగాన గుంపుల్లో, పాడేవాళ్లకు 'ఎజెకియల్ సా ద వీల్' (ఎజెకియల్ చక్రాన్ని చూశాడు) పాట గుర్తొస్తుంది. అమెరికాలో హైస్కూల్ కోరస్‌లో చేరిన తెలుగు పిల్లలు కూడా ఏదో ఒక ఏడాది ఆ పాట పట్టుకుంటారు. పాట కట్టిన మనిషి గురించి మాత్రం తెలుగులో రాసింది బాగా తక్కువ. అందుకే ఈ థ్రెడ్. మూడు ప్రశ్నలు:

ట్రాంబోన్ (పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యం) వాయించే మనిషి కోయిర్ వైపు ఎలా వచ్చాడు? అంత పేరొచ్చాక కూడా సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన, ఒక్కటే రాసి ఎందుకు ఆగాడు? ఇరవై ఎనిమిది గొంతులున్న బృందానికి ఎజెకియల్ నేర్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పాటలపెట్టె

నాగావళి గారూ, మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

డాసన్ 1899 సెప్టెంబరు 26న అలబామా రాష్ట్రం అనిస్టన్‌లో పుట్టాడు. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి అలబామాలోనే ఉన్న నల్లజాతి విద్యార్థుల కాలేజీ టస్కీగీ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాడు. అప్పటికి బుకర్ టి. వాషింగ్టన్ బతికే ఉన్నాడు, స్కూలు ఆయన చేతిలోనే ఉంది. టస్కీగీలో డబ్బు లేని పిల్లలు పనిచేసి చదువుకునే ఏర్పాటు ఉండేది. డాసన్ పొలం పని చేశాడు. బ్యాండులో, ఆర్కెస్ట్రాలో వాయించాడు, కోయిర్‌లో పాడాడు. 1921లో పట్టా పుచ్చుకున్నాడు. అంటే వాద్యమూ గొంతూ ఆయనకు ఒకే ప్రాంగణంలో, ఒకే వయసులో అలవడ్డాయి. 'వాద్యకారుడు కోయిర్ వైపు వచ్చాడు' అనడంకన్నా రెండూ మొదట్నుంచీ కలిసే ఉన్నాయనడం సరైనది.

ఆ తర్వాత కేన్సస్ వెళ్లాడు. టొపీకాలోని వాష్‌బర్న్ కాలేజీలో కొన్నాళ్లు, కేన్సస్ సిటీలోని హార్నర్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్నాళ్లు చదివి 1925లో డిగ్రీ పూర్తిచేశాడు. స్నాతకోత్సవం రోజున ఆయన రాసిన ట్రియోను వేదిక మీద వాయించారు. వయొలిన్, చెల్లో, పియానో కోసం రాసిన రచన అది. రాసినవాడు నల్లవాడు కాబట్టి ఆయన్ని మాత్రం వేదిక మీదికి రానివ్వలేదు. పై బాల్కనీలో కూర్చుని తన సంగీతం తానే విన్నాడు. ఆయన జీవితం గురించి మాట్లాడేటప్పుడు ఇది దాటేసి పోకూడదు.

కేన్సస్ సిటీలోనే లింకన్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. తర్వాత షికాగో. అక్కడ ఫీలిక్స్ బొరోవ్‌స్కీ, అడాల్ఫ్ వైడిగ్‌ల దగ్గర రచన నేర్చుకుని 1927లో మాస్టర్స్ తెచ్చుకున్నాడు. షికాగో సివిక్ ఆర్కెస్ట్రాలో మొదటి ట్రాంబోన్ స్థానం ఆయనది. ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చుని, పక్కన హార్న్‌లు ఏం చేస్తున్నాయో, ముందున్న తీగ వాద్యాలు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాయో వింటూ నాలుగేళ్లు గడిపాడు. తర్వాత ఆయన రాసిన ప్రతి కోయిర్ పాటలోనూ ఆ చెవి పని చేసింది.

1931లో టస్కీగీ పిలిచింది. సంగీత పాఠశాల నెలకొల్పాలి, కోయిర్ నడపాలి. 1955 దాకా అక్కడే ఉన్నాడు.

కృష్ణాతీరం

రేడియో సిటీ సంగతి కూడా చెప్పాలి. న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్ తెరిచింది 1932 డిసెంబరు 27న. ఆ రాత్రి కార్యక్రమంలో టస్కీగీ కోయిర్ ఉంది. డాసన్ ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర కూడా నిండలేదు. ఆర్థిక మాంద్యం నడుస్తోంది, కాలేజీకి డబ్బు కావాలి, పిల్లలేమో వ్యవసాయమూ వడ్రంగమూ నర్సింగూ చదివేవాళ్లు. సంగీతం వృత్తిగా చదువుకోని విద్యార్థులతో అంత పెద్ద వేదిక ఎక్కాడంటే సాధన ఎంత గట్టిగా జరిగి ఉండాలి! ఆ యాత్రలోనే కార్నెగీ హాల్‌లోనూ, అధ్యక్షుడు హూవర్ ఎదుట వైట్ హౌస్‌లోనూ పాడారు. తర్వాతి ఏళ్లలో రేడియో ప్రసారాలతో ఆ కోయిర్ పేరు దేశమంతా తెలిసింది.

ఇక రెండో ప్రశ్న, ఒక్క సింఫనీతో ఆగడం. నా మటుకు ఇది నష్టం కిందే లెక్క. 1934 నవంబరులో లియొపోల్డ్ స్టకోవ్‌స్కీ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో 'నీగ్రో ఫోక్ సింఫనీ' తొలిసారి వాయించాడు. అప్పటి వాడుక పేరు కాబట్టి రచన పేరును అలాగే ఉంచుతున్నాను. కొద్ది రోజులకే కార్నెగీ హాల్‌లోనూ వాయించారు, రేడియోలోనూ వచ్చింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ స్థాయిలో రాయగలిగిన మనిషి మిగతా జీవితమంతా నాలుగు నిమిషాల పాటలు కట్టుకుంటూ కూర్చోవడం అమెరికా సంగీతానికి లోటు కాదా?

తంబురతీగ

కృష్ణాతీరం గారూ, మీ బాధ సబబే, కానీ 'నాలుగు నిమిషాల పాటలు' అనే మాట దగ్గర నేను ఒప్పుకోను.

ముందు సింఫనీ లోపల ఏముందో చూద్దాం. మూడు భాగాలు. మొదటిది 'ఆఫ్రికా బంధం'. ఆరంభంలోనే హార్న్ ఒక చిన్న పలుకు పలుకుతుంది. మొదటి ఆఫ్రికన్‌ను సొంత తీరం నుంచి పట్టుకుపోయినప్పుడు మనుషుల గొలుసులోంచి ఊడిపోయిన లంకె అది, డాసన్ వివరణ ప్రకారం. ఆ పలుకు మూడు భాగాల్లోనూ మళ్లీ మళ్లీ వస్తుంది. రెండో భాగం 'రాత్రిలో ఆశ'. గాంగ్ (వేలాడే పెద్ద కంచు పళ్లెం) మీద మూడు దెబ్బలతో మొదలవుతుంది, ఆ తర్వాత మీటిన తీగల మీద ఇంగ్లిష్ హార్న్ అనే చెక్క ఊదుడు వాద్యం పాట ఎత్తుకుంటుంది. మూడో భాగం పేరు ఒక స్పిరిచ్యువల్ (నల్లజాతి బానిసల భక్తి పాట) పల్లవి నుంచి వచ్చింది, వేకువ చుక్కలా నన్ను మెరవనీ అని దాని అర్థం. 1952లో పశ్చిమ ఆఫ్రికా చూసొచ్చి, అక్కడ విన్న లయలతో రచనను తిరగరాశాడు. స్టకోవ్‌స్కీ 1963లో అమెరికన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసింది ఈ సవరించిన రూపాన్నే.

ఇప్పుడు 'ఒక్కటే ఎందుకు' సంగతి. సింఫనీ రాయాలంటే రాసేవాడికి ఆర్కెస్ట్రా అందుబాటులో ఉండాలి. విని, దిద్ది, మళ్లీ వినాలి. విలియం గ్రాంట్ స్టిల్ సింఫనీ 1931లో రాచెస్టర్‌లో, ఫ్లోరెన్స్ ప్రైస్ సింఫనీ 1933లో షికాగోలో, డాసన్‌ది 1934లో ఫిలడెల్ఫియాలో పెద్ద ఆర్కెస్ట్రాలు వాయించాయి. నాలుగేళ్ల లోపు ముగ్గురు నల్లజాతి రచయితలు. ఆ మూడు ప్రదర్శనల తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయా అంటే లేదు. డాసన్ సింఫనీ మెచ్చుకోలు పొంది కూడా చాలా ఏళ్లు అరుదుగానే వినపడింది. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా దాన్ని మళ్లీ చేతబట్టి రికార్డుగా విడుదల చేసేసరికి 2023 వచ్చింది. లోటు ఉంది నిజమే, అయితే అది డాసన్ చేతుల్లో లేని లోటు.

ఆయన చేతుల్లో ఉన్నది కోయిర్. ఆయన దానికే ఆర్కెస్ట్రా పని అప్పగించాడు. ఎజెకియల్ స్వరపత్రం తెరిచి గొంతుల పేర్లు కప్పేసి చూడండి. కింద వరుస ట్రాంబోన్, ట్యూబా రాతలాగే కనపడుతుంది: పొట్టి దెబ్బలు, ప్రతి దెబ్బ మీదా ఒత్తు గుర్తు, మధ్యలో విరామాలు కచ్చితంగా లెక్కగట్టి. ఆయన దృష్టిలో ఈ పాటలు సింఫనీకి తక్కువ రచనలు కావు.

కృష్ణాతీరం

ఈ కోణం ఒప్పుకుంటాను. తిరగరాసిన విషయం ముఖ్యం. 1934లో మెప్పు పొందిన రచనను పద్దెనిమిదేళ్ల తర్వాత విప్పి మళ్లీ కట్టాడంటే ఆర్కెస్ట్రా మీద మనసు పోలేదన్నమాట.

మంద్రం

మూడో ప్రశ్నకు వస్తున్నా. కొంచెం పొడుగవుతుంది.

ఎజెకియల్ అచ్చయింది 1942లో. నాలుగు గొంతుల పాట అంటారు గానీ లోపల ఒక్కో గొంతూ చీలుతుంది. ఇరవై ఎనిమిది మంది ఉంటే సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు) ఎనిమిది, ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) ఏడు, టెనార్ (మగవాళ్ల పై గొంతు) ఆరు, బేస్ (మగవాళ్ల కింది గొంతు) ఏడు చొప్పున సర్దుకోవచ్చు. బేస్ ఆరుగురికి తగ్గితే ఈ పాట పెట్టుకోకండి. చక్రం తిరిగే భాగంలో కింది గొంతులు అర్థం లేని అక్షరాలతో, 'డూమ్-అ-లూమ్' తరహాలో, గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. అక్కడ ఒకరు ఊపిరి తీసుకుంటే పక్కవాడు మోయాలి. ఇద్దరే ఉంటే చక్రానికి ఆకు ఊడినట్టు వినపడుతుంది.

నేర్పే వరుస ఇది.

మొదటి రెండు సాధనల్లో స్వరం వద్దు. కాలం లెక్క వినిపించే యంత్రం మెట్రనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి అందరూ తమ తమ అక్షరాలు మామూలు గొంతుతో పలకాలి. చేతులతో తాళం వేయించకండి, చేయి పరుగెడితే నోరు దాని వెంట పోతుంది. మడమ నేలకు ఆనించి కాలి ముందు భాగంతో మెల్లగా లెక్క వేస్తే చాలు.

తర్వాత 'డూ' అనే ఒక్క అక్షరం మీద స్వరాలు, తుంచి తుంచి. బేస్ ఒక్కటే ముందు. అది పదహారు సార్లు తిరిగినా కాలం కదలకుండా ఉందని తేలాకే టెనార్‌ను కలపండి. ఆ తర్వాత ఆల్టో. పై పాట చివర్న వస్తుంది. చాలామంది సొప్రానోతో మొదలుపెడతారు, పాట తెలిసినట్టుంటుంది కాబట్టి. అలా చేస్తే కింది వరుస ఎప్పటికీ 'తోడు'గానే మిగిలిపోతుంది. ఈ పాటలో నడిపేది కింది వరుస.

జంట రోకళ్లతో దంచేటప్పుడు చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఒక రోకలి పైకి లేచిన ఖాళీలోనే రెండోది పడాలి. రెండూ ఒకేసారి పడితే కొట్టుకుంటాయి, ఆలస్యమైతే దంపు ఆగుతుంది. ఇక్కడ గొంతుల మధ్య విరామాలు ఆ ఖాళీలే. విరామాన్ని మింగేసి ముందే ఎత్తుకునేవాడు పక్కవాడి దెబ్బ మీద పడతాడు.

'మ్' దగ్గర పెదవులు త్వరగా మూయాలి. మోగేది అక్కడే. 'ఊ'ను సాగదీస్తే పొడవాటి గదిలో అంతా ముద్దయిపోతుంది.

వేగం వారానికి 6 నుంచి 8 చొప్పున పెంచుతూ పత్రం మీద రాసిన దాకా తీసుకెళ్లండి, దాన్ని దాటకండి. గట్టిగా పాడాల్సిన చోట కాలం పరుగెడుతుంది, మెల్లగా పాడాల్సిన చోట ఈడుస్తుంది. రెండింటికీ కారణం ఒకటే, ఊపిరి. గట్టి చోట నోరు పెద్దది చేస్తారు గానీ ఊపిరి పెంచరు, అది అయిపోయేలోపు వాక్యం ముగించాలని తొందరపడతారు.

నాగావళి

మంద్రం గారూ, ఈ వరుస అచ్చు తీసి పెట్టుకోవాల్సిందే. ఒక సందేహం. చప్పట్లు, డ్రమ్, పియానో కలిపితే తప్పా? యూట్యూబ్‌లో అలా చేసినవి కనపడుతున్నాయి.

మంద్రం

డాసన్ పాటలకు వద్దు. పత్రం కింద పియానో గీతలు ఉంటాయి, అవి సాధన కోసమేనని అక్కడే రాసి ఉంటుంది. లయంతా గొంతుల్లోనే కట్టి పెట్టాడు, డ్రమ్ వేస్తే ఆ పని రెండుసార్లు చేసినట్టవుతుంది. స్పిరిచ్యువల్ వేరు, గాస్పెల్ అనే చర్చి పాట వేరు. గాస్పెల్‌కు వాయిద్యం, చప్పట్లు, అప్పటికప్పుడు కల్పన అన్నీ సహజం. స్పిరిచ్యువల్ బానిసత్వ కాలంలో పుట్టిన పాట, డాసన్ దాన్ని కచేరీ వేదిక కోసం స్వరం స్వరం రాసి కట్టాడు. రాసిన పొట్టి (ఎనిమిదో వంతు) స్వరాలను ఊగిస్తూ జాజ్‌లా పాడటం కూడా అందుకే తప్పు.

రాగమాలిక

ఉచ్చారణ గురించి ఎవరూ ఎత్తలేదు. సగం బృందాలు తడబడేది ఇక్కడే.

డాసన్ మాండలికాన్ని అక్షరాల్లోనే రాశాడు. 'ద' అనే ఇంగ్లిష్ మాట హల్లు ముందు 'దహ్' లాగా, అచ్చు ముందు 'దీ' లాగా పలకాలి. 'ఐ' అనే మాట 'ఆ' అవుతుంది. 'విత్' కాస్తా 'విద్'. మాట చివరి 'ట', 'డ' చాలాచోట్ల పడిపోతాయి.

తెలుగువాళ్లకు ఇందులో ఒక అనుకూలత, ఒక ప్రమాదం ఉన్నాయి. మన 'ద' పళ్లకు నాలుక ఆనించి మెత్తగా వస్తుంది, ఇక్కడ కావాల్సింది దాదాపు అదే. కానీ పత్రం మీద ఇంగ్లిష్ 'డి' అక్షరం కనపడగానే మనవాళ్లు 'డ' అంటారు, నాలుక వెనక్కి మడతపడుతుంది. అప్పుడు మాట గట్టిపడి పాట ఎక్కిరింపులా వినిపించే ప్రమాదం ఉంది. తెలుగు లిపిలో 'ద' అని పెన్సిల్‌తో పత్రం మీద రాసిస్తే ఒక్క రోజులో సర్దుకుంటుంది.

ఎంత మోతాదు అన్నది ముఖ్యం. బానిసలుగా బతికిన మనుషుల మాట ఇది. నవ్వు పుట్టించేలా సాగదీయకూడదు, సిగ్గుపడి పూర్తి పుస్తక భాషగానూ మార్చకూడదు. అక్షరం మారిస్తే లయ కూడా మారుతుంది. 'విద్' బదులు 'విత్' అంటే చివర గాలి శబ్దం వచ్చి, వేగంగా నడిచే వాక్యం అక్కడ ఆగుతుంది.

పాటలపెట్టె

రాగమాలిక గారు చెప్పినదానికి సరైన ఉదాహరణ 'సూన్ ఆ విల్ బి డన్', 1934 నాటిది. ఈ లోకం కష్టాలు ఇక తీరిపోతాయనే పల్లవి చాలా మెల్లటి గొంతుతో, కానీ గబగబా పలుకుతూ పోవాలి. పాడేవాళ్లు పొరబడేది ఇక్కడే. మెల్లగా అంటే నిదానంగా అనుకుని వేగం తగ్గిస్తారు. ఏడుపు ఇక లేదు అనే చరణానికి వచ్చేసరికి ఒక్కసారిగా గొంతు విప్పాలి. ఆ తేడా రావాలంటే పల్లవిని పెదవులతో, నాలుక కొనతో పాడించాలి, గుండెతో కాదు. ఒక సాధనలో పల్లవిని గుసగుసగా, స్వరం లేకుండా పలికించి చూడండి. హల్లులు వినపడితే చాలు, మిగతాది వస్తుంది.

మన బుర్రకథలో కథకుడు ఎత్తితే వంతలు అందుకున్నట్టు, ఈ పాటలన్నిటికీ మూలంలో ఒకరు ఎత్తడం, గుంపు అందుకోవడం ఉంది. డాసన్ ఆ రెండు పాత్రల్నీ కోయిర్ లోపలే పంచాడు. ఏ వరుస ఎత్తుతోందో ఏ వరుస అందుకుంటోందో ముందే పత్రం మీద గుర్తు పెట్టుకోండి. అందుకునేవాళ్లు ఎత్తినవాళ్లకన్నా గట్టిగా పాడితే పాట తలకిందులవుతుంది.

కృష్ణాతీరం

అచ్చు కాపీల సంగతి కూడా రాయండి ఎవరైనా. వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి.

తంబురతీగ

ఎజెకియల్ జనంలోంచి వచ్చిన పాట, ఎవరైనా దానికి తమ సొంత అమరిక (గొంతులకు పంచి రాసిన రూపం) కట్టుకోవచ్చు. డాసన్ అమరిక మాత్రం డాసన్‌దే. 1942లో అచ్చయింది కాబట్టి అమెరికాలో 95 ఏళ్లు, అంటే 2037 చివరిదాకా హక్కులు ఉంటాయి. టస్కీగీ కోయిర్ వరుస పేరుతో ఈ పత్రాలను నీల్ కియోస్ కంపెనీ అమ్ముతోంది. పాడేవాళ్లు ఎంతమందో అన్ని కాపీలు కొనాలి, కండక్టర్‌కు ఒకటి అదనం. ఒకటి కొని ఇరవై ఎనిమిది జిరాక్సులు తీయడం చెల్లదు. 1925 నాటి 'కింగ్ జీసస్ ఈజ్ అ-లిజనింగ్' లాంటి తొలి రచనలకు అక్కడ గడువు తీరిపోయింది.

కొనేముందు గొంతుల అమరిక చూసుకోండి. అదే పాట మగ గొంతులకు, ఆడ గొంతులకు, కలిపిన గొంతులకు వేర్వేరు పత్రాలుగా ఉంటుంది.

నాగావళి

1955 తర్వాత ఏం చేశాడు?

పాటలపెట్టె

టస్కీగీ నుంచి తప్పుకున్న మరుసటి ఏడాది, 1956లో, అమెరికా విదేశాంగ శాఖ ఆయన్ని స్పెయిన్ పంపింది, అక్కడి కోయిర్లకు తర్ఫీదు ఇవ్వడానికి. తర్వాత దేశమంతా తిరుగుతూ అతిథి కండక్టర్‌గా బృందాలకు నేర్పాడు. 1990 మే 2న మాంట్‌గమరీలో కన్నుమూశాడు. ఆయన కాగితాలు, చేతిరాతలు అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

టస్కీగీ కోయిర్ ఆయన చేతి కింద పాడిన స్పిరిచ్యువల్స్ ఎల్పీ కూడా ఉంది, 1950ల్లో వెస్ట్‌మినిస్టర్ కంపెనీ తీసింది. నేర్పేముందు అది వినండి. శబ్దం పాతదే, అయినా మాట ఎంత స్పష్టంగా ఉందో గమనించండి.

నాగావళి

చివరిగా ఒకటి. తోడు వాయిద్యం లేకుండా పాడితే పాట ముగిసేసరికి శ్రుతి అర స్వరం దిగిపోతోంది. ఏం చేయాలి?

మంద్రం

మూడు చోట్ల చూడండి. ఒకటి, ఒకే స్వరం మీద వరుసగా పలికే వాక్యాలు. ప్రతి పలుకూ వెంట్రుకవాసి కిందికి జారుతుంది. ప్రతి పలుకునూ కొత్తగా పైనుంచి ఎత్తుకోమని చెప్పండి. రెండు, దిగే మెట్లు. దిగేటప్పుడు అడుగు పెద్దదవుతుంది, ఎక్కేటప్పుడు చిన్నదవుతుంది. దిగే వాక్యాలను తలకిందులుగా, కింది స్వరం నుంచి పైకి పాడించి, మళ్లీ మామూలుగా పాడించండి. మూడు, నిల్చునే తీరు. అలిసిన బేస్ గడ్డం దించుతాడు, శ్రుతి గడ్డంతో పాటు దిగుతుంది.

ప్రతి పేజీ చివర పిచ్ పైప్‌తో (ఊదితే సరైన శ్రుతి ఇచ్చే చిన్న పరికరం) సరిచూసి, దిగిన చోటు పత్రం మీద గుర్తు పెట్టండి. వారం తిరిగేసరికి గుర్తులన్నీ రెండు మూడు చోట్లే గుమిగూడతాయి, సాధన అక్కడ చేస్తే చాలు. ఆ రోజు గది ఉక్కగా ఉంటే, పాటను అర స్వరం పైనుంచి ఎత్తుకుని చూడండి. గొంతులు కొత్త చోట మేలుకుంటాయి.

ఇంకో మాట. ఎజెకియల్‌తో మొదలుపెట్టకండి. ముందు 'దేర్ ఈజ్ అ బామ్ ఇన్ గిలియడ్', నిదానంగా నడుస్తుంది, సొప్రానో సోలో ఉంటుంది, ఒకరినొకరు వినడం అలవాటవుతుంది. తర్వాత 'సూన్ ఆ విల్ బి డన్'. ఆపైన 'ఎయింట్-అ దట్ గుడ్ న్యూస్', పొట్టిదీ వేగమైనదీ, నాలుక తిరగడానికి. ఆ మూడూ శ్రుతి దిగకుండా వచ్చాక చక్రం తిప్పండి.

నాగావళి

సరేనండీ. గిలియడ్ పత్రాలు ఇరవై తొమ్మిది ఆర్డర్ పెడుతున్నాను. సోలోకు గట్టి గొంతు కావాలా, సన్నటి గొంతు కావాలా?

రాగమాలిక

పై స్వరం మీద వణకని గొంతు. గట్టితనం కోయిర్ తగ్గి పాడితే దానంతటదే వస్తుంది.